కోడ్ లేదంది, గ్రాఫ్ పట్టిచ్చింది: కడప నుంచి ఓబీడీ స్కానర్ రివ్యూ

అందరికీ నమస్తే. కారు కంప్యూటర్‌కు తగిలిస్తే దాని తప్పుల్ని కోడ్‌లుగా, లెక్కల్ని గ్రాఫ్‌గా ఫోన్లో చూపిచ్చే ఈ అగ్గిపెట్టెంత డబ్బా నేను కొన్లా, కంపెనీ వాళ్లే ఊరికే పంపిచ్చినారు. డబ్బులు మాత్రం ఇయ్యలా, కాబట్టి తిట్టాలనిపిస్తే తిడతా. బ్లూటూత్ ఏ వర్షను, ఏయే కార్లకు పనికొస్తాది, అదంతా మీరు ఈపాటికి చూసేసింటారు. నేను నా కారు కత చెప్తా.

నాది 2011 పెట్రోల్ బండి, సెకండ్ హ్యాండ్. మూడో గేర్లో మెల్లగా యాక్సిలేటర్ తొక్కితే ఉరుకుతాది, ఎవరో ఎనక పట్టుకున్నట్టు ఆగుతాది, మళ్లీ ఉరుకుతాది. గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతాంటే మా ఇంట్లో ఆమె "నువ్వు తోల్తాండావా, ఉయ్యాల ఊపుతాండావా?" అనింది. పూర్తిగా తొక్కితే మాత్రం శుభ్రంగా పోతాది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

ఒక మెకానిక్ ప్లగ్గులు మార్చినాడు. ఇంకొకాయన పెట్రోల్ ఫిల్టర్ మార్చినాడు. మూడో ఆయన ఇంజన్‌కు గాలి పోయే తలుపుండే థ్రాటిల్ బాడీ కడిగి, పెట్రోల్ పంపు పోయింది మార్చల్ల అన్నాడు. పంపు పోయింటే పూర్తిగా తొక్కినప్పుడు కదన్నా బండి చావాల్సింది!

సరే, స్టీరింగ్ కింద పదారు పిన్నుల సాకెట్లో డబ్బా పెట్టినా. మన దేశంలో ఈ డబ్బాకు కావాల్సిన ఓబీడీ-2 పద్ధతి తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. నాది అంతకు ముందుది, తగులుకుంటాదో లేదో అనుకున్నా. తగులుకునింది. ఫాల్ట్ కోడ్‌లు: సున్నా. ఇంతకు ముందు ఒక చవక డబ్బా ఉండేది నా దగ్గర, అదీ ఇదే మాట చెప్పేది. డబ్బాను ఎత్తి రోడ్డు మీదికి ఇసిరేద్దామనిపిచ్చింది.

అప్పుడు లైవ్ గ్రాఫ్ తెరిచినా. మొదటి రోజు ఇమానం తోలేవాని మాదిరి ఎనిమిది మీటర్లు ఒకే స్క్రీన్లో పెట్టుకున్నా. ఏమీ కనపళ్లా. ఎందుకంటే ఈ డబ్బా ఈసీయూను, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌ను, ఒక తూరికి ఒక లెక్కే అడుగుతాది. ఎనిమిది అడిగితే ఒక్కోదాని వంతు వచ్చేలోపల తప్పు జరిగి పోయింటాది. అన్నీ తీసేసి థ్రాటిల్ పొజిషన్, అంటే ఆ గాలి తలుపు ఎంత శాతం తెరుచుకునిందో చెప్పే లెక్క, ఒక్కటే ఉంచినా. ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం మాత్రం తిప్పి, చీమ నడిచినట్టు తొక్కినా. 14... 18... 22... 24... టక్కని 15కు పడి, మళ్లీ 26! ఇదిగో, ఈ గుంత చూడండి. మళ్లీ తొక్కినా. అదే చోట. పదిసార్లు తొక్కింటా, కేవలం చూసే సంబరానికి.

ఈ లెక్క పంపే థ్రాటిల్ సెన్సార్ లోపల ఒక పట్టీ మీద ముల్లు రాసుకుంటా తిరుగుతాది. రోజూ మన కాలు ఆడేది ఆ పావు వంతులోనే, ఆడనే పట్టీ అరిగింది. ముల్లు ఆడికొస్తే ఈసీయూ మనం కాలు తీసినామనుకొని పెట్రోల్ తగ్గిస్తాది, మరుక్షణం తొక్కినామనుకొని పోస్తాది. లెక్క హద్దు దాటలేదు గదా, అందుకే కోడ్ పళ్లా.

అనుమానం తీరడానికి ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ను మామూలు కంటే ఎంత ఎక్కువ తక్కువ పోస్తాందో చెప్పే లెక్క, కూడా చూసినా. ఐడిల్లోనూ, 3000 ఆర్‌పీఎమ్‌లోనూ, ఘాట్ ఎక్కేటప్పుడూ ప్లస్ 3, 4 శాతమే. వాక్యూమ్ పైపు చిట్లింటే ఐడిల్లో ఎక్కువుండి రేస్ చేస్తే తగ్గాల. పంపు సరిగా లేకపోతే లోడు మీద పెరగాల. రెండూ లేవు.

ఇంగ తిట్లు. ఆ గ్రాఫ్ నెల రోజులే ఊరికే అంట, తర్వాత ఏడాదికింత అని కట్టాలంట! నాకు మండింది ఆడనే. యాప్‌లో తెలుగు పెట్టినారు, థ్రాటిల్ పొజిషన్‌ను "గొంతు నులుము స్థానం" అని రాసినారు. ఎవరి గొంతప్పా? పైగా డబ్బా అట్లే వదిలేస్తే బ్యాటరీ తాగుతాది, పని కాంగానే పీకేయండి.

అయినా పాత బండి ఉంటే తీసుకోమనే చెప్తా. ఆ గుంత కళ్లారా చూసినాక నాకు ఇంకో మాట రాదు.

సెన్సార్ మార్చి మొన్న ఆదివారం పాలకోవాకని మళ్లీ ఘాట్ ఎక్కినాం. మా ఇంట్లో ఆమె సగం దారిలోనే నిద్రపోయింది.