కాంపోజిట్ బోల్టు జాయింట్: ఎక్సెల్‌లో 2 శాతం ఆఫ్‌సెట్ బేరింగ్ స్ట్రెంగ్త్

స్క్రీన్ కనిపిస్తోంది కదా, సరే. ఇదిగో ప్లేటు, కార్బన్ ఎపాక్సీ, అంటే కార్బన్ పోగుల పొరల్ని ఎపాక్సీ జిగురుతో అతికించింది. ఒకటే బోల్టు, అటూ ఇటూ స్టీలు పట్టీలు, అంటే డబుల్ షియర్. హోల్ 6 మిల్లీమీటర్లు, మందం 4, వెడల్పు 36, హోల్ మధ్య నుంచి అంచుకి 18. వెడల్పు బాగా తగ్గిస్తే ప్లేటు హోల్ దగ్గర అడ్డంగా ఠప్పున తెగుతుంది. అంచు దగ్గరైతే బోల్టు ముందున్న ముక్కని తోసుకుంటూ బయటికొచ్చేస్తుంది. మనకి ఆ రెండూ వద్దు. హోల్ నలగాలి, అదే బేరింగ్ ఫెయిల్యూర్. అది చెప్పి మరీ వస్తుంది.

దీన్ని మెషీన్‌లో పెట్టి లాగితే వచ్చిన రీడింగులు ఇవి: ఏ కాలమ్ డిస్‌ప్లేస్‌మెంట్, అంటే ఎంత జరిగిందో మిల్లీమీటర్లలో, బీ కాలమ్ లోడు. సీలో స్ట్రెస్: లోడు బై 24, హోల్ ఇంటూ మందం, ఆరు నాలుగులు 24 కదా. 12,000 న్యూటన్లకి 500 మెగాపాస్కల్స్. డీలో స్ట్రెయిన్: డిస్‌ప్లేస్‌మెంట్ బై 6. సింగిల్ షియర్, అంటే ఒక పక్కనే పట్టీ అయితే బై 12. కిందికి లాగేయండి, స్ట్రెయిన్ అడ్డంగా, స్ట్రెస్ నిలువుగా గ్రాఫ్ గీసేయండి, అయిపోయింది.

ఇక్కడ ఆగండి. 2 శాతం ఆఫ్‌సెట్ అంటే, గ్రాఫ్‌లో తిన్నగా ఉన్న భాగానికి సమాంతరంగా, 0.02 స్ట్రెయిన్ పక్కకి జరిపి ఒక గీత గీస్తాం, అది గ్రాఫ్‌ని కలిసిన చోటి స్ట్రెస్సే బేరింగ్ స్ట్రెంగ్త్. నేను బోల్తా పడింది ఇక్కడే. 2 శాతం అన్నారు కదా అని సున్నా దగ్గర్నుంచి 0.02 కొలిచి గీత గీశాను. గీత పోయి గ్రాఫ్ మీదే కూర్చుంది! రెండు రోజులు మెషీన్‌ని తిట్టుకున్నాను. సంగతేంటంటే, మొదట్లో ఈ వంపు చూడండి, ఇది బోల్టుకీ హోల్‌కీ మధ్య లూజు. 6 మిల్లీమీటర్లలో 2 శాతమంటే 0.12 మిల్లీమీటరే. లూజే అంత ఉంటే ఇంకేం మిగిలింది?

అందుకే తిన్నగా ఉన్న భాగం మాత్రమే సెలెక్ట్ చేసి స్లోప్, ఇంటర్‌సెప్ట్ రెండు ఫార్ములాలూ కొట్టండి. మైనస్ ఇంటర్‌సెప్ట్ బై స్లోప్, అదీ అసలు సున్నా. దానికి 0.02 కలపండి, అక్కణ్నుంచి అదే స్లోప్‌తో గీత. ఫార్ములా కిందికి లాగినా స్లోప్ సెల్ మారకుండా పెట్టే డాలర్ గుర్తులు చేత్తో కొట్టకండి, ఎఫ్4 నొక్కండి. ల్యాప్‌టాప్‌లో కొన్నిటికి ఎఫ్ఎన్ కూడా నొక్కాలి, అదో గోల.

గీత, గ్రాఫ్ కలిసిన చోట చదవండి, అదే మన విలువ. బోల్టు ఎంత టార్క్‌తో బిగించారో పక్కనే రాసుకోండి. గట్టిగా బిగిస్తే వాషరు పొరల్ని ఉబ్బనివ్వదు, నంబరు పెరుగుతుంది.

చివరగా ముక్కని వెలుతురులో పట్టి చూడండి. హోల్ కోడిగుడ్డులా సాగిందా, వాషరు అంచు అవతల చిన్న ఉబ్బు వచ్చిందా, వేలితో తడిమినా తెలుస్తుంది. అడ్డంగా తెగి ఉంటే ఈ లెక్కంతా పక్కన పెట్టేయండి, అది బేరింగ్ స్ట్రెంగ్త్ కాదు.