రాత్రి పెళ్లిలో ఫ్లాష్: మోడ్, మీటరింగ్, ఫోకస్ కలిపి ఎలా సెట్ చేయాలి

నమస్కారం. రాత్రి ముహూర్తం, కెమెరా మీద ఫ్లాష్, డయల్ ఏవీ మోడ్‌లో (అపర్చర్ మీరు పెడితే షట్టర్ స్పీడ్ కెమెరా ఎంచుకునేది) ఉంది. క్లిక్ కొట్టారు. ఫ్లాష్ వెలిగింది, అయినా పెళ్లికొడుకు ముఖం పక్కన ఇంకో ముఖం నీడలా పడింది. ఎందుకు?

ఫ్లాష్ వేసి తీసిన ఫోటోలో రెండు ఎక్స్‌పోజర్లు, అంటే రెండు వేర్వేరు వెలుగులు పడటం, ఉంటాయి. ఒకటి మండపం లైట్లది, రెండోది ఫ్లాష్‌ది. ఫ్లాష్ రెప్పపాటు కూడా ఉండదు కాబట్టి షట్టర్ స్పీడ్ మార్చితే మారేది మండపం వెలుగే. అపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు), ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందన) మాత్రం రెండింటినీ మారుస్తాయి.

చాలా కానన్ డీఎస్ఎల్ఆర్‌ల్లో ఏవీ మోడ్ వెనకాల లైట్లు కూడా బాగా రావాలని షట్టర్‌ని 1/8 సెకను దాకా, ఇంకా కిందికి కూడా దించేస్తుంది. అంతసేపు షట్టర్ తెరిచి ఉంటే పెళ్లికొడుకు కదిలినప్పుడు మండపం వెలుగులో ఆ రెండో ముఖం పడుతుంది. నికాన్‌లో ఇదే పని చేసే ఏ మోడ్‌లో స్లో సింక్ (ఫ్లాష్‌తో నెమ్మది షట్టర్) పెట్టకపోతే, మామూలు సెట్టింగ్‌లో 1/60 దగ్గర ఆగుతుంది. కానన్ వాళ్లు మెనూలో ఏవీ మోడ్ ఫ్లాష్ సింక్ స్పీడ్‌ని ఆటో నుంచి 1/200–1/60కి (కొన్ని బాడీల్లో 1/250–1/60) మార్చుకోండి.

పెళ్లికి మాత్రం అన్నీ మనమే పెట్టుకునే ఎం (మాన్యువల్) మోడే నయం. 1/100, ఎఫ్ 4, ఐఎస్ఓ 1600తో మొదలుపెట్టి, మీటర్ (కెమెరాలో వెలుగు చూపే స్కేలు) గీత మైనస్ 1 దగ్గర నిలిచేదాకా ఐఎస్ఓ సర్దండి. ఎం మోడ్ అన్నా ఫ్లాష్ టీటీఎల్‌లో (లెన్స్ గుండా వచ్చే వెలుగుని కొలిచే ఆటో పద్ధతి) ఉంటే దాని పవర్ కెమెరానే లెక్కేస్తుంది, భయం లేదు.

ఇక మధుపర్కాలు. తెల్ల బట్టలు ఫ్రేమంతా నిండితే ప్రీఫ్లాష్ (కొలత కోసం ముందు వెలిగే చిన్న ఫ్లాష్) వెలుగు ఎక్కువగా తిరిగొస్తుంది. కెమెరా ఫ్లాష్ తగ్గించేస్తుంది, ముఖాలు నల్లబడతాయి. ఫ్లాష్ బలాన్ని పెంచే, తగ్గించే ఫ్లాష్ కాంపెన్సేషన్ ప్లస్ 2/3 నుంచి ప్లస్ 1 ఇవ్వండి. ఇది మామూలు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ కాదు, గుర్తుంచుకోండి. ఏవీ, పీ (ఆటో ప్రోగ్రామ్) మోడ్‌లలో కానన్‌కి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ వెనకాల వెలుగునే మారుస్తుంది. నికాన్‌లో సాధారణంగా దానితో వెనకాల వెలుగు, ఫ్లాష్ రెండూ కలిసి మారతాయి.

తెర పట్టుకున్నప్పుడు ఆటో ఏరియా ఫోకస్ పెడితే తెర అంచునే పట్టేస్తుంది. సింగిల్ పాయింట్ పెట్టి కంటి మీద ఉంచండి. డీఎస్ఎల్ఆర్‌లో ఫ్లాష్ నుంచి వచ్చే ఎర్రటి సాయం లైటు ఒకసారి ఫోకస్ చేసి ఆగిపోయే మోడ్‌లలోనే (కానన్‌లో వన్ షాట్, నికాన్‌లో ఏఎఫ్-ఎస్) వెలుగుతుంది. కదిలేవాటిని వెంబడించే సర్వో ఫోకస్‌లో రాదు, చీకట్లో లెన్స్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉంటుంది.

ఫ్రేమ్‌లో చిన్న చోటునే కొలిచే స్పాట్ మీటరింగ్‌లో ఇంకో మెలిక. నికాన్‌లో స్పాట్ మీ ఫోకస్ పాయింట్‌తోపాటే జరుగుతుంది. చాలా కానన్ బాడీల్లో మధ్యలోనే ఉంటుంది. అంటే ఫోకస్ పక్కనున్న పెళ్లికూతురి కంటి మీద, కొలత మాత్రం మధ్యలో ఉన్న పూలదండ మీద! కానన్‌లో ఫ్లాష్‌కి ఎఫ్ఈ లాక్ (ఫ్లాష్ లెక్కని ముందే పట్టి ఉంచడం) వాడండి. ముఖాన్ని మధ్యలోకి తెచ్చి స్టార్ బటన్ (కొన్ని బాడీల్లో ఎం-ఎఫ్ఎన్) నొక్కితే ప్రీఫ్లాష్ వెలిగి లెక్క లాక్ అవుతుంది. తర్వాత ఫ్రేమ్ సర్దుకుని క్లిక్ కొట్టండి.

తలంబ్రాలకి 1/500 పెట్టాలనిపిస్తుంది. సింక్ స్పీడ్, అంటే మామూలు ఫ్లాష్ పనిచేసే గరిష్ట షట్టర్ స్పీడ్, చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250. అది దాటితే ఫ్రేమ్‌లో నల్లటి పట్టీ వస్తుంది, టీటీఎల్ ఫ్లాష్ ఉంటే చాలా కెమెరాలు అసలు దాటనివ్వవు. హై స్పీడ్ సింక్ ఆన్ చేస్తే పట్టీ లేకుండా దాటొచ్చు గానీ ఫ్లాష్ బలం బాగా పడిపోతుంది. 1/200 ఉంచి, మండపం వెలుగుని మైనస్ 2కి దించండి. బియ్యం గింజల్ని గాల్లో ఆపేది ఫ్లాషే.

అయితే సరిగ్గా అప్పుడే వీడియో వాళ్లు ఎల్ఈడీ లైటు వేస్తారు. అదీ మండపం వెలుగులోకే వస్తుంది, గింజలు గీతల్లా సాగుతాయి. లైటు వెలగగానే మీటర్ చూసి, గీత మళ్లీ మైనస్ 2కి వచ్చేదాకా ఐఎస్ఓ తగ్గించండి.