షేక్‌పేట ఫ్లైఓవర్ రివ్యూ: ఎక్కితే హాయి, దిగితే లడాయి

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తాను, ఈ వీడియోకి కారణం ఒక డ్యాష్ కెమెరా. కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు. బొమ్మ బాగుంది, రాత్రిపూట కూడా ముందు బండి నంబరు స్పష్టంగా పడుతోంది. కెమెరా సంగతి అంతే. దాంతో తీసినవి చూస్తూ కూర్చుంటే మన హైదరాబాద్ షేక్‌పేట ఫ్లైఓవర్ గురించే మాట్లాడాలనిపించింది.

కొలతలు మీకు తెలిసినవే. 2.8 కిలోమీటర్లు, ఆరు వరుసలు, 2022 జనవరి 1న ప్రారంభం. సెవెన్ టూంబ్స్, ఓయూ కాలనీ, విస్పర్ వ్యాలీ కూడళ్లన్నీ ఒక్క ఊపులో దాటేస్తాం. ఒకప్పుడు అక్కడ సిగ్నల్ సిగ్నల్‌కీ ఇంజను ఆపుకుని కూర్చున్నవాణ్ణి, నాలుగో గేరు పడితేనే నాకు పండగ. ఆ సుఖాన్ని తక్కువ చేయను.

నా పేచీ అంతా దిగే చోటుతోనే. ఈ క్లిప్ చూడండి. సాయంత్రం, రాయదుర్గం వైపు. పైనుంచి మూడు వరుసలు దిగుతున్నాయి, పక్కన కింది రోడ్డు వచ్చి కలుస్తోంది. పైవాడు ఎడమకు పోవాలి, కిందివాడు కుడికి రావాలి. కత్తెర పడింది. ఇక్కడ ఆపుతాను. ఆ సిటీ బస్సు చూశారా? డ్రైవరు ముందు చక్రాలు కుడికి తిప్పి పెట్టుకున్నాడు. కండక్టరమ్మ మెట్టు మీద నిలబడి చెయ్యి ఊపుతోంది. ఒక్క కారూ ఆగదే! బస్సు నిండా జనం, కార్లలో ఒక్కొక్కరు. ఆ చివరి ముక్కలో బస్సుకు ఒక వరుస గీసి ఇవ్వడానికి కొత్త స్తంభాలు లేపాలా? పెయింటు డబ్బా, ఓ పోలీసు చాలు.

మన ఊళ్లోని ఇంకో పొడవాటి ఫ్లైఓవర్ పీవీ ఎక్స్‌ప్రెస్‌వేతోనూ ఇదే తంతు. 2009లో తెరిచారు, 11.6 కిలోమీటర్లు. ఆరాంఘర్‌లో ఎక్కితే పైన మిగిలిన నిమిషాలన్నీ మెహిదీపట్నంలో దిగగానే వడ్డీతో కట్టాలి.

పైగా రోడ్డు ఖాళీగా కనిపిస్తే ఊరుకుంటామా? మరో దారిన పోయేవాడు, పెందలాడే బయల్దేరేవాడు, బస్సెక్కేవాడు, అందరూ ఇటే తిరుగుతారు. అమెరికాలో హ్యూస్టన్‌లోని మనవాళ్లకు అక్కడి పెద్ద రహదారి కేటీ ఫ్రీవే తెలుసు. 2008కి విస్తరణ పూర్తయింది. పక్క రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 వరుసలు. కొన్నేళ్లకే రద్దీవేళ ప్రయాణానికి పట్టే సమయం మళ్లీ పెరిగింది. అక్కడున్నవాళ్లు ఇప్పుడెలా ఉందో కామెంట్లలో రాయండి.

నా మార్కులు: ఎక్కడానికి పదికి తొమ్మిది, దిగడానికి మూడు. సగటు ఆరు వస్తుందని లెక్కలు చెప్పకండి, నేను ఇచ్చేది నాలుగే. రోజూ నన్ను చిరాకుతో ఇంటికి పంపేది ఆ మూడే మరి. కెమెరా మాత్రం నిక్షేపంగా కొనుక్కోవచ్చు, లింకు కింద ఇచ్చాను.