మనసు చికిత్సకు అనుపానాలు: ఏది, ఎంత, ఎప్పుడు

అందరికీ నమస్కారం.

మందును తేనెలోనో పాలలోనో కలిపి ఇస్తే ఆ తేనెను, పాలను అనుపానం అంటాం. అనుపానం మందుకు బదులు కాదు. అలాగని ఎంతైనా, ఎప్పుడైనా పుచ్చుకునేదీ కాదు. శ్వాస సాధన, వ్యాయామం, ధ్యానం, లైట్ థెరపీ, మూలికలు ఇవన్నీ సైకోథెరపీ, అంటే మాటలతో చేసే మనసు చికిత్స, పక్కన ఉండాల్సింది సరిగ్గా ఆ స్థానంలోనే. వాటి మోతాదేమిటో, ఎక్కడ అవి థెరపీకే అడ్డం పడతాయో ఈరోజు చెప్పుకుందాం.

ముందుగా ఒక పని. థైరాయిడ్ మందగిస్తే నీరసం, నిద్రమత్తు, దిగులు వస్తాయి. అదే ఎక్కువగా పనిచేస్తే గుండె దడ, చేతుల వణుకు. రక్తహీనత, బి12 లోపం కూడా డిప్రెషన్‌లాగే కనిపించవచ్చు. ఒంట్లో అవి ఉండగా ఎంత సాధన చేసినా ఫలితం అంతంతమాత్రమే. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు అవసరమా అని మొదట్లోనే డాక్టర్‌ని అడగండి.

ఇక శ్వాస. అందరికీ తెలుసనుకునేదీ, ఎక్కువమంది తప్పుగా చేసేదీ ఇదే. కంగారులో ఉన్న మనిషికి పక్కవాళ్ళు ఇచ్చే సలహా "గట్టిగా ఊపిరి పీల్చుకో" అని. చాలాసార్లు ఆ మనిషి అప్పటికే అవసరానికి మించి పీలుస్తున్నాడు. ఇంకా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, మెదడుకు వెళ్ళే రక్తనాళాలు ముడుచుకుంటాయి. తల తిరుగుతుంది, వేళ్ళ చివర్లూ పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతుంది. ఏదో అయిపోతోందన్న భయం దానికి తోడవుతుంది.

చేయాల్సింది ఇలా. కుర్చీలో కూర్చుని ఒక చెయ్యి ఛాతీ మీద, ఇంకో చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి. నోరు మూసుకుని, ముక్కుతో 4 లెక్కపెట్టేదాకా మామూలుగా పీల్చండి. కదలాల్సింది పొట్ట మీద చెయ్యి. తర్వాత 6 లెక్కపెట్టేదాకా నిదానంగా వదలండి. లెక్కకు సెకను చొప్పున ఒక శ్వాసకు 10 సెకన్లు, అంటే నిమిషానికి 6 శ్వాసలు. 5 నిమిషాలతో మొదలుపెట్టి 10కి పెంచండి, రోజుకు రెండుసార్లు. 4, 6 కష్టమనిపిస్తే 3, 4తో మొదలుపెట్టండి. మధ్యలో తల తేలిపోతున్నట్టు ఉంటే వేగం సరిపోలేదని కాదు, గాలి ఎక్కువగా పీలుస్తున్నారని అర్థం. పరిమాణం తగ్గించండి. మొదటి రెండు వారాలు మనసు కుదురుగా ఉన్నప్పుడే చేయండి. ఈత వచ్చాకే లోతుకు దిగాలి కదా.

ఇప్పుడు దీని రెండో ముఖం. లిఫ్ట్ అంటే భయపడే మనిషికి ఎక్స్‌పోజర్ థెరపీ, అంటే భయపడేదాన్నే కొద్దికొద్దిగా ఎదుర్కొనే చికిత్స, జరుగుతోందనుకోండి. లిఫ్ట్ ఎక్కాలి, భయం పెరగాలి, అయినా తాను అనుకున్న ప్రమాదం జరగలేదని మెదడు స్వయంగా తెలుసుకోవాలి. తలుపు మూసుకోగానే ఆ మనిషి శ్వాస లెక్కలు మొదలుపెడితే ఏమవుతుంది? "లిఫ్ట్‌లో ప్రమాదం లేదు" అని నేర్చుకోవాల్సిన మెదడు "లెక్కపెట్టాను కాబట్టి బయటపడ్డాను" అని నేర్చుకుంటుంది. జేబులో పెట్టుకున్న మాత్ర, చేతిలో నీళ్ళ సీసా కూడా ఇలాగే భయానికి ఊతకర్రలవుతాయి. అందుకే మీరు ఏ సాధన చేస్తున్నారో, ఏ సమయంలో వాడుతున్నారో థెరపిస్ట్‌కి తెలిసి తీరాలి. మంచి సాధన కూడా వేళ తప్పితే చికిత్సను వెనక్కి లాగుతుంది.

కండరాలను బిగించి వదిలే పద్ధతిని అమెరికన్ వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ రూపొందించారు. 1929లో దాని మీద పుస్తకం ప్రచురించారు. ఇప్పుడు వాడుకలో ఉన్న కుదించిన రూపం ఇది. కుడి పిడికిలి 5 నుంచి 7 సెకన్లు బిగించండి. ముంజేయి గట్టిపడడం, గోళ్ళు అరచేతికి తగలడం గమనించండి. ఒక్కసారిగా వదిలేయండి. తర్వాత 20, 30 సెకన్లు ఏమీ చేయకుండా ఆ చెయ్యి ఎలా బరువెక్కుతోందో, వెచ్చబడుతోందో చూస్తూ ఉండండి. అలా చేతులు, ముఖం, మెడ, భుజాలు, పొట్ట, కాళ్ళు. మొత్తానికి 20 నిమిషాలు పడుతుంది. పూర్తి బలంతో బిగిస్తే కండరం పట్టేస్తుంది, సగానికి కాస్త ఎక్కువ బలం చాలు. ఎక్కువమంది ఆ 30 సెకన్లే ఎగ్గొడతారు, నిజానికి నేర్చుకునేది అక్కడే. కొందరికి ఒళ్ళు వదులవుతుంటే కంగారు పెరుగుతుంది. అది వాళ్ళ తప్పు కాదు. అలాంటివాళ్ళు కళ్ళు తెరిచే ఉంచి, పాదాలు నేలకు ఆనించి, చేతులతో మాత్రమే చేయాలి.

ధ్యానం విషయంలో మోతాదు గురించి ఎవరూ మాట్లాడరు. 1979లో జాన్ కబాట్ జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణాన్ని ఉన్నదున్నట్టు గమనించే ధ్యానం) కార్యక్రమం 8 వారాలు. వారానికొక సుదీర్ఘ తరగతి, ఇంటి దగ్గర రోజూ ముప్పావు గంట సాధన. ఫోన్ యాప్‌లో 5 నిమిషాలు విని అదే ఫలితం రాలేదని నిరాశపడకండి. ఇదే పద్ధతిని ఆలోచనల తీరును సరిచేసే కాగ్నిటివ్ థెరపీతో కలిపి, డిప్రెషన్ మళ్ళీ మళ్ళీ తిరగబెట్టేవాళ్ళ కోసం విడిగా తీర్చిదిద్దారు. ట్రామా, అంటే మనసును గాయపరిచే ఘటన, అనుభవించినవాళ్ళకు మాత్రం కళ్ళు మూసుకుని ఒంటిని గమనించడమే పాత దృశ్యాలను లేపవచ్చు. వాళ్ళు కళ్ళు తెరిచి, బయటి శబ్దాల మీద దృష్టి పెట్టి, 3 నిమిషాలతో మొదలుపెట్టడం మేలు. మానియా (హద్దులేని ఉద్రేకం) గానీ సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోవడం) గానీ ఎప్పుడైనా వచ్చినవాళ్ళు రోజుల తరబడి సాగే మౌన శిబిరాలకు సైకియాట్రిస్ట్‌ని అడగకుండా వెళ్ళకూడదు.

వ్యాయామానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి ఆ అంకె చెప్తే గుండె జారిపోతుంది. మొదట్లో 10 నిమిషాలు చాలు, కానీ గంట కొట్టినట్టు అదే వేళకు. మనసు పుట్టాక నడుద్దామనుకుంటే ఆ జబ్బులో మనసు పుట్టదు, నడక మొదలయ్యాకే అది నెమ్మదిగా వస్తుంది.

శీతాకాలంలో వచ్చే డిప్రెషన్‌కు లైట్ థెరపీ బాగా పనికొస్తుంది. 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుగు కొలత) దీపం, నిద్ర లేచిన కాసేపటికే, 30 నిమిషాలు. దీపం కళ్ళ ముందు కాస్త పక్కగా ఉండాలి, దానివైపే గుచ్చి చూడకూడదు. ఆ 10,000 లక్స్ ఎంత దూరానికో పెట్టె మీద చూడండి. కాస్త వెనక్కి జరిగినా వెలుగు బాగా పడిపోతుంది, చాలామందికి ఫలితం రాకపోవడానికి ఇదొక కారణం. సాయంత్రం పెడితే నిద్ర చెడుతుంది. బైపోలార్ (ఒకసారి డిప్రెషన్, ఒకసారి మానియా వచ్చే జబ్బు) ఉన్నవాళ్ళకు మానియా రేగవచ్చు, రెటీనా జబ్బున్నవాళ్ళు కంటి డాక్టర్‌ని అడగాలి.

మసాజ్, సంగీతం ఒంటికి, మనసుకు హాయినిస్తాయి. థెరపీ సెషన్లలో కష్టమైన విషయాలు తవ్వుతున్న వారాల్లో ఆ హాయి అవసరమే.

మూలికల దగ్గర గట్టిగా చెప్తాను. సహజమైనది కాబట్టి హాని చేయదన్న మాట నిజం కాదు. దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక కాలేయంలోని ఎంజైములను ఉసిగొల్పి ఇతర మందులను త్వరగా ఖర్చు చేయిస్తుంది. గర్భనిరోధక మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, అవయవ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్ బలం తగ్గిపోతాయి. డిప్రెషన్ మందులతో కలిస్తే మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మితిమీరి వణుకు, జ్వరం, గందరగోళం దాకా పోవచ్చు. కంగారు తగ్గడానికి తీసుకునే కావా అనే మూలిక వాడినవాళ్ళలో కాలేయం తీవ్రంగా దెబ్బతిన్న సందర్భాలున్నాయి. బైపోలార్‌కు ఇచ్చే లిథియం అనే మందు వాడేవాళ్ళు ఆవిరి స్నానాలు, వేడి గదిలో యోగా, ఉపవాసాల విషయంలో జాగ్రత్తపడాలి. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం ప్రమాదకరంగా పెరుగుతుంది.

"ఇది చేస్తే మందులు ఆపేయొచ్చు" అని ఎవరన్నా అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. డిప్రెషన్ మందులు ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, కరెంటు షాక్ కొట్టినట్టు ఉండడం, నిద్ర చెదరడం జరుగుతాయి, జబ్బూ తిరగబెట్టవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఏ సాధనతోనూ నెట్టుకురావద్దు. ఆ రోజే, ఆ గంటలోనే డాక్టర్ దగ్గరికో అత్యవసర విభాగానికో వెళ్ళండి, ఒంటరిగా ఉండకండి.

మిగతావాటికి ఒక కాగితం చాలు. ఒకేసారి నాలుగు మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు, కాబట్టి ఒకటే ఎంచుకుని కనీసం రెండు వారాలు చూడండి. కాగితంలో అయిదు గళ్ళు గీయండి: తేదీ, ఏం చేశారు, ఎన్ని నిమిషాలు, నిద్ర ఎన్ని గంటలు, కంగారు 0 నుంచి 10లో ఎంత. వెనకవైపు మీరు మింగే ప్రతి మాత్ర, పొడి, కషాయం పేరు, మోతాదు రాయండి. సెషన్ మొదట్లోనే ఆ కాగితం థెరపిస్ట్ చేతికివ్వండి, మందుల డాక్టర్‌కి వెనకవైపు తిప్పి చూపించండి.