బావా బామ్మర్ది కబుర్లు: ఊరికి ఏ ఫుల్ పట్టుకెళ్లాలి?

బామ్మర్ది: మారతహళ్లి నుంచి మళ్లీ మేమే. బావా, ఊళ్లో ఎవరికి ఫోన్ చేసినా ఒకటే మాట, బెంగళూరులో ఉన్నావుగా, వచ్చేటప్పుడు మంచి విస్కీ పట్టుకురా అని. ఏది తీసుకెళ్లమంటావ్?

బావ: ముందు రాష్ట్రం దాటించడానికి లిమిట్ ఎంతో కనుక్కో. చెక్‌పోస్టులో దొరికిపోయి నా పేరు చెప్పొద్దు. ఇక సరుకంటావా, నేనైతే మన బెంగళూరు అమృత్ కంపెనీ వాళ్ల ఫ్యూజన్ విస్కీ అంటాను.

బామ్మర్ది: లోకలా? వాళ్లకి స్కాచ్ కావాలి బావా, సీసా మీద పన్నెండేళ్లు అని రాసుండాలి.

బావ: అక్కడే మనవాళ్లు బోల్తా పడేది. స్కాట్లాండ్ చలిలో పీపాలోంచి ఏడాదికి రెండు శాతం ఆవిరైతే, మన బెంగళూరులో పది నుంచి పన్నెండు శాతం పోతుంది. లెక్కేసుకో, పన్నెండేళ్లు ఉంచితే పావు వంతు మిగులుతుంది, అంతే. అందుకే ఇక్కడ నాలుగైదేళ్లకే సరుకు తయారైపోతుంది. ఇలా ఆవిరైపోయేదాన్ని దేవదూతల వాటా అంటారు, అమృత్ వాళ్లు ఎనిమిదేళ్లు దాచిన విస్కీకి గ్రీడీ ఏంజెల్స్, అంటే అత్యాశ దేవదూతలు అని పేరు పెట్టింది ఊరికే కాదు, అది మనం కొనే రేటు కాదనుకో.

బామ్మర్ది: ఫ్యూజన్‌లో అంత గొప్పేముంది?

బావ: మన బార్లీకి, పొగ పట్టించిన స్కాట్లాండ్ బార్లీ కలుపుతారు. విస్కీలకి మార్కులేసే విమర్శకుడు జిమ్ ముర్రే తన 2010 విస్కీ బైబిల్ పుస్తకంలో దానికి ప్రపంచంలో మూడో స్థానం ఇచ్చాడు. తమాషా ఏంటంటే, మైసూరు రోడ్డు మీద కంబిపురలో చేసే అమృత్ మాల్ట్‌ని, అంటే మొలకెత్తించిన బార్లీ విస్కీని, 2004లో మొదట అమ్మింది గ్లాస్గోలో! ఒక్కటి గుర్తుపెట్టుకో, మామూలు సీసాలో ఆల్కహాల్ 42.8 శాతం, ఫ్యూజన్‌లో 50. నేరుగా గొంతులో పోస్తే మంటే మిగులుతుంది. రెండు చెంచాల నీళ్లు పోసి, కాసేపు ఆగి వాసన చూడు, ముందు వెనీలా, ఆ వెనకే సన్నగా కట్టెల పొయ్యి పొగ. పక్కన మిరపకాయ బజ్జీ పెట్టుకున్నావా, ఇక అమృతమూ ఒకటే, క్వార్టరూ ఒకటే.

బామ్మర్ది: స్టఫ్ లేకుండా తాగమంటావా, అన్యాయం! సరే, పొగ పడనివాళ్లకి?

బావ: పాల్ జాన్ బ్రిలియన్స్. కంపెనీ బెంగళూరుది, చేసేది గోవాలో. పొగ ఉండదు, తేనె రుచి. నాకు మాత్రం రెండో పెగ్గుకే బోర్ కొడుతుంది.

బామ్మర్ది: మరి ఇంపోర్టెడ్ ఎందుకంత రేటు?

బావ: కస్టమ్స్ సుంకమే 150 శాతం ఉండేది. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకాలైన ఒప్పందం ప్రకారం ముందు 75కి, పదేళ్లలో 40కి దిగాలి. కానీ దాని మీద రాష్ట్రం వేసే ఎక్సైజ్ వేరే, అందుకని సగానికి సగం తగ్గిపోతుందని ఆశపడకు. హండ్రెడ్ పైపర్స్, టీచర్స్ లాంటివి పీపాల లెక్కన తెచ్చి ఇక్కడే సీసాల్లో నింపుతారు, అందుకే చవక. ఇంకా కిందికెళ్తే చాలావరకు మొలాసిస్ (చెరకు మడ్డి) స్పిరిట్‌లో కాస్త మాల్ట్ కలిపినవే, యూరప్‌లో వాటిని విస్కీ అని అమ్మనివ్వరు.

బామ్మర్ది: చెన్నైలో మా ఫ్రెండ్ ఇలాంటి విస్కీలు దొరకట్లేదని ఏడుస్తున్నాడు.

బావ: అక్కడ 2003 నుంచి షాపులన్నీ టాస్మాక్‌వే, అంటే తమిళనాడు ప్రభుత్వ కంపెనీవే కదా. మామూలు షాపులో కటకటాల సందులోంచి డబ్బిస్తే వాళ్ల దగ్గర ఉన్నది ఇస్తారు. ఎలైట్ షాపుకెళ్తే లోపల తిరిగి చూసుకోవచ్చు, అక్కడ అడగమను. ఇక్కడ ప్రైవేటు లైసెన్సులు కాబట్టి ఒక షాపులో లేకపోతే పక్క వీధిలో ఉంటుంది. బార్‌లో మాత్రం తాగకు, మొన్న ఒకచోట ముప్పై ఎంఎల్‌కి వేసిన బిల్లు చూసి నాకు మత్తు దిగిపోయింది.

బామ్మర్ది: అయితే ఫ్యూజన్ ఫిక్స్. ఊళ్లో మామయ్య సోడా కొట్టుకుని తాగుతాడు, పర్లేదా?

బావ: సోడాలోకి ఫ్యూజనా? ఆయనకి హండ్రెడ్ పైపర్స్ కొను, మిగిలిన డబ్బులు ఇటు ఇవ్వు.