ఫ్రాంక్‌ఫర్ట్ అనాథాశ్రమంలో బెర్తా

శ్రోతలకు నమస్కారం.

సైకాలజీ చదివినవాళ్లు ‘అన్నా ఓ.’ అనే పేరు వినే ఉంటారు. 1895లో వియన్నా డాక్టర్లు బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి వేసిన పుస్తకంలో ఆమె ఒక రోగి. మంచం పట్టిన తండ్రికి సేవ చేస్తూ చేస్తూ తానే జబ్బు పడింది. చెయ్యి స్వాధీనం తప్పింది. కొన్నాళ్లు సొంత భాష జర్మన్ కూడా నోటికి రాలేదు, ఇంగ్లీషే మాట్లాడేది. మనసులోది డాక్టరు బ్రాయర్‌తో చెప్పుకుంటే తెరిపిగా ఉండేది. దానికి ఆమె సరదాగా పెట్టిన పేరు ‘పొగగొట్టం దులపడం’.

విచిత్రం చూడండి. ఆ పుస్తకం వచ్చిన 1895లోనే, ఆ ‘రోగి’ ఫ్రాంక్‌ఫర్ట్‌లో యూదు మహిళా సంఘం నడిపే ఆడపిల్లల అనాథాశ్రమం బాధ్యత తీసుకుంది. ఆమె అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్.

మొదట అక్కడికి వెళ్లింది పిల్లలకు కథలు చదివి వినిపించడానికే. డెన్మార్క్ రచయిత ఆండర్సన్ కథలంటే పిల్లలు చెవులు కోసుకునేవారు. అవి అయిపోతే సొంతంగా అల్లి చెప్పేది. తాత్కాలికం అనుకున్న వార్డెన్ పని మరుసటి ఏడాది పక్కా అయింది, పన్నెండేళ్లు సాగింది.

అప్పటిదాకా అలాంటి ఆశ్రమాల లెక్క ఒకటే: పిల్లను పెంచామా, పెళ్లి చేశామా, బాధ్యత తీరిందా. బెర్తాకు ఇది నచ్చలేదు. 1859లో వియన్నాలో కలవారింట పుట్టిన ఆమెకు ఆ లెక్క స్వయంగా తెలుసు మరి. తమ్ముడు చదువుకుంటుంటే తాను కుట్లు, అల్లికలతో పెళ్లికొడుకు కోసం ఎదురుచూడాలి. అందుకే ఆశ్రమంలో పిల్లలకు పని నేర్పించింది, ఎవరి కూడు వాళ్లు సంపాదించుకునేలా. నేర్పినవి ఎక్కువగా ఇంటిపనులేగా అని ఈ రోజు మనం అనవచ్చు. ఆ మాటా నిజమే.

1904లో యూదు మహిళల సమాఖ్యను స్థాపించింది. 1907లో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి నాయ్-ఇజెన్‌బుర్గ్‌లో మరో ఇల్లు తెరిచింది. పెళ్లి కాకుండా తల్లులైనవాళ్లు, వాళ్ల పసికందులు, వ్యభిచార ముఠాల చేతికి చిక్కే ప్రమాదమున్న అమ్మాయిలు ఆ ఇంటికి వచ్చేవారు. సొంతవాళ్లే గుమ్మం తొక్కనివ్వని పిల్లలు వాళ్లు. వంట యూదుల ఆచారం ప్రకారమే, పండగలన్నీ ఇంట్లోనే. అంత చలిదేశంలో సెంట్రల్ హీటింగ్ మాత్రం 1920 దాకా పెట్టించలేదు! రేపు బయట పేదరికంలో బతకాల్సినవాళ్లకు సుఖాలు అలవాటు కాకూడదని ఆమె పట్టుదల. ఆవిడ దగ్గర పనిచేయడం అంత తేలిక కాదనిపిస్తుంది నాకు.

పదిమందితో మొదలైన ఆ ఇంట్లో 1928 నాటికి 152 మంది ఉన్నారు.

1936 మేలో బెర్తా కన్నుమూసింది. అంతకు కొద్ది వారాల ముందే, జబ్బుతో ఉన్న మనిషిని నాజీల రహస్య పోలీసు గెస్టపో పిలిపించి ప్రశ్నించింది, నాయ్-ఇజెన్‌బుర్గ్ ఇంట్లో ఒక అమ్మాయి హిట్లర్‌ను ఏదో అందని. 1938 నవంబర్ 10న నాజీలు ఆ ఇంటికి నిప్పు పెట్టారు. 1942లో పూర్తిగా మూయించి, మిగిలినవాళ్లను నిర్బంధ శిబిరానికి తరలించారు.

1954లో పశ్చిమ జర్మనీ ఆమె బొమ్మతో తపాలా బిళ్ల వేసింది. యూదులు సమాధి మీద పువ్వు కాదు, చిన్న రాయి పెడతారు. తనను చూడవచ్చేవాళ్లు కూడా అలా ఒక రాయి పెట్టి, ఆడవాళ్ల కోసం పనిచేస్తామని మనసులోనే మాట ఇచ్చి వెళ్లాలని ఆమె వీలునామాలో కోరుకుంది.