రికాబు లేని కాలు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున, అదీ టిఫిన్‌కి ముందు, మిమ్మల్ని ఇలా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టినందుకు ఏమీ అనుకోకండి. యలహంక దాకా, బెంగళూరు ఆ చివరనున్న ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఎక్కువ సేపు ఆపను.

నవంబరు వచ్చిందంటే ఎవరో ఒకరు ఫోన్ చూపిస్తూ నా దగ్గరికి వస్తారు. ‘సార్, నెలంతా స్టిరప్స్ లేకుండా గుర్రం రైడ్ చేస్తే కాళ్లు ఉక్కులా తయారవుతాయట, మనమూ చేద్దామా?’ అని. అమెరికా రైడర్ల దగ్గర మొదలైన సరదా అది. చేయొద్దని నేను అనను. నా పేచీ అంతా ఆ ఉక్కు అన్న మాటతోనే. రికాబులు, అదే, జీనుకి రెండు పక్కలా వేలాడుతూ మన పాదాలు ఆనే కడియాలు, తీసేసేది కాలు బిగించడం నేర్చుకోవడానికి కాదు, వదలడం నేర్చుకోవడానికి. ఇవాళ నా గొడవంతా ఇదే.

రికాబు అంటే మన పిల్లలు బిత్తర చూపులు చూస్తారు. వాళ్లకి స్టిరప్ అంటేనే తెలుసు. గుర్రాల్ని చూసుకునే మన సాయీసులేమో రకాబ్ అంటారు. పాత తెలుగు నిఘంటువుల్లో అంకవన్నె అని ఇంకో ముచ్చటైన మాట ఉంది. ఎవరూ వాడరు, అది వేరే సంగతి.

ముందు ఒక పని చేద్దాం. కుర్చీ అంచుకి జరగండి. రెండు అరచేతులూ పైకి తిప్పి పిరుదుల కింద పెట్టుకోండి. సిగ్గుపడక్కర్లేదమ్మా, అందరూ చేస్తున్నారు. చేతికి రెండు గట్టి ఎముకలు తగులుతున్నాయి కదా? జీను మీద మనం కూర్చునేది వాటి మీదే. ఇప్పుడు మోకాళ్ల మధ్య కొబ్బరికాయ ఉందనుకుని గట్టిగా నొక్కండి. తొడలు బిగిశాయి, వాటితో పాటు పిరుదులూ బిగిశాయి. చేతి మీద ఎముకల బరువు తగ్గింది, మీరు కాస్త పైకి లేచారు. ఇది కుర్చీ కాబట్టి అంతటితో సరిపోయింది. కింద ఉన్నది గుండ్రటి వీపు, అదీ కదిలే వీపు అయితే? తడి నిమ్మగింజని రెండు వేళ్ల మధ్య నొక్కినప్పుడు ఏమవుతుందో అదే అవుతుంది.

రికాబులు తీయగానే ఎవరైనా మొట్టమొదట చేసేది ఈ పనే. పడిపోతామన్న భయానికి మోకాళ్లతో పట్టేస్తారు. మోకాలు పట్టేసిందంటే అదొక బందు అయిపోతుంది, తలుపు బందులాగా. దాని కింద పిక్క వెనక్కి ఊగుతుంది, పైన ఒళ్లు ముందుకు వాలుతుంది. చూసేవాళ్లకి మాత్రం ‘అబ్బో, రికాబులు లేకుండా ఎంత గట్టిగా కూర్చున్నాడు’ అనిపిస్తుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. కుర్రతనంలో నేను నేర్చుకున్న చోట, పేరు ఎందుకులెండి, రికాబులు తీయించడం ఒక శిక్ష. ఆలస్యంగా వస్తే తీయ్, మడమ పైకి లేస్తే తీయ్. ముప్పావు గంట ఏకబిగిన ట్రాట్, అంటే మనిషిని అడుగడుక్కీ ఎగరేసే పరుగు. మోకాళ్ల లోపలి పక్క తోలు ఊడి, నెత్తురు ప్యాంటుకి అంటుకుపోయేది. రాత్రి నీళ్లతో తడిపి మెల్లగా పీక్కునేవాళ్లం. నేను పడలేదు కాబట్టి మా ఉస్తాద్ నా భుజం తట్టి ‘శభాష్’ అన్నాడు. నేను పొంగిపోయాను. నెల తర్వాత రికాబులు వేసుకుని కంచె దూకడానికి వెళ్లాను. కంచె నా తొడల ఎత్తు కూడా లేదు. గుర్రం చివరి అడుగులో ఆగింది. నా మోకాళ్లు పట్టుకునే ఉన్నాయి, వాటి మీద మిగతా నేను గిర్రున ముందుకు తిరిగి, దాని చెవుల మీదుగా వెళ్లి అవతల పడ్డాను. మెడ కింది ఎముక విరిగింది. ఆ నెలంతా నేను నేర్చుకున్నది మోకాళ్లతో పట్టుకోవడం ఒక్కటేనని ఆసుపత్రి మంచం మీద కూడా నాకు తట్టలేదు. తట్టడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది.

అసలు రికాబే మనిషికి ఆలస్యంగా దొరికిన వస్తువు. క్రీస్తుపూర్వం 326లో అలెగ్జాండరు పురుషోత్తముడి మీదకి వచ్చినప్పుడు అతని గుర్రాలకి రికాబుల్లేవు. మన సాంచీ శిల్పాల్లో కాలి బొటనవేలు దూర్చే ఉచ్చు కనిపిస్తుంది, పాదం మొత్తం ఆనే రికాబు కాదది. చైనాలో చాంగ్‌షా దగ్గర దొరికిన క్రీస్తుశకం 302 నాటి మట్టిబొమ్మలో ఒకే ఒక్క రికాబు ఉంది, అదీ ఎక్కడానికి. అంతకుముందు శతాబ్దాల పాటు జనం ఏం పట్టుకుని యుద్ధాలు చేశారు? జెనొఫొన్ అనే గ్రీకు సేనాని, అలెగ్జాండరు రాజు కాకముందే, గుర్రం మీద కుర్చీలో కూర్చున్నట్టు కాక కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు ఉండాలని రాసిపెట్టాడు. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉండాలని నేను రోజూ మీ చెవిలో జోరీగలా చెప్పేది దాదాపు ఇదే.

వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్లో ఈ రోజుకీ కొత్తవాళ్లని నెలల తరబడి లాంజ్ తాడు మీదే, అంటే గురువు మధ్యలో నిలబడి పట్టుకునే పొడుగు తాడు చుట్టూ, గుర్రం మీద తిప్పుతారు. రికాబులుండవు, పగ్గాలుండవు. గుర్రాన్ని గురువు చూసుకుంటాడు, శిష్యుడు తన ఒంటిని చూసుకుంటాడు. మన వీకెండ్ రైడర్లకి నెలలు ఎక్కడ దొరుకుతాయి? కానీ తాడు మీద చేయాలన్న మాటైనా అక్కడి నుంచి తీసుకోవచ్చు.

మన ఊరితో ఇంకో చిక్కు ఉంది. వారమంతా మీరు కుర్చీలోనే ఉంటారు. ఆఫీసులో తొమ్మిది గంటలు, సిల్క్ బోర్డు దగ్గర క్యాబులో ఇంకో గంటన్నర. నడుము లోపలి నుంచి తొడ ఎముక దాకా దిగే సోయాస్ అనే కండరం ఉంటుంది, తొడని పైకి లేపేది అదే. ఎప్పుడూ మడిచి ఉంచితే అది బిగుసుకుపోతుంది. శనివారం పొద్దున మిమ్మల్ని జీను మీద కూర్చోబెట్టి కాలు కిందికి జార్చమంటే ఆ కండరం ఒప్పుకోదు, మోకాలు పైకి, పాదం ముందుకి వచ్చేస్తాయి. అప్పుడు మీరు గుర్రం మీద కూడా ఆఫీసు కుర్చీలోనే ఉన్నట్టు. పాదం ముందుకు పోతే ఒళ్లు వెనకబడుతుంది, నిలదొక్కుకోవడానికి చేతులు పగ్గాలు లాగుతాయి, ఆ లాగుడంతా గుర్రం నోటికి తగులుతుంది. ఎక్కేముందు గోడ దగ్గర మోకాలు నేల మీద ఆనించి తొడ ముందు భాగం సాగదీసుకోమని నేను పోరు పెట్టేది అందుకే. ఆ రెండు నిమిషాలు ఎవరూ చేయరు, నాకు తెలుసు.

సరే, చేసే పద్ధతి చెప్తాను. రికాబులు ఊరికే వేలాడదీయకండి, గుర్రం పక్కలకి కొట్టుకుంటాయి. రికాబు తోలు బకిల్‌ని జీను దగ్గర నుంచి నాలుగైదు అంగుళాలు కిందికి లాగండి, లేకపోతే అది తొడ కింద రాయిలా గుచ్చుకుంటుంది. తోలుని చదునుగా పరిచి గుర్రం మెడ మొదటి మీదుగా అవతలికి వేయండి. కుడిది ముందు, ఎడమది దాని మీద. మధ్యలో దిగాల్సి వస్తే మళ్లీ ఎక్కడానికి ఎడమది సులువుగా చేతికి రావాలి కదా.

మొదట నడకలోనే. రెండు మోకాళ్లూ జీను ముందు భాగం మీదకి ఎత్తి, ఒక్కసారిగా వదిలేయండి. తడి పంచె దండెం మీద వేసినట్టు, కాలు తుంటి నుంచి తన బరువుతో తనే దిగాలి. తర్వాత ఏమీ చేయకండి. ఈ ఏమీ చేయకపోవడమే కష్టం. గుర్రం నడుస్తుంటే దాని కడుపు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి ఊగుతుంది. వదిలేసిన కాలు ఆ ఊపుతో పాటే మెల్లగా కదులుతుంది. అలా కదిలితే వదిలినట్టు, కదలకపోతే ఇంకా ఎక్కడో పట్టుకున్నట్టు. కాలి వేళ్లు కాస్త కిందికి వేలాడినా నేను పట్టించుకోను. వేళ్లు పైకి లేపమని అరిచే గురువులున్నారు, వాళ్ల లెక్క వాళ్లది. పాదం బలవంతంగా లేపితే పిక్క నుంచి తొడ దాకా మళ్లీ బిగుస్తుందని నా అభిప్రాయం.

నడకలో కుదిరాక ట్రాట్. గుర్రం మూలమూల కాళ్లు జతగా వేస్తుంది, అడుగుకోసారి వీపు మిమ్మల్ని ఎగరేస్తుంది. పది అడుగులు వేయించండి, చాలు. మోకాలు పట్టేయక ముందే నడకకి వచ్చేయండి. కాలు మళ్లీ వదలండి, మళ్లీ పది అడుగులు. జీను ముందు పట్టీ ఒక చేత్తో పట్టుకోవడం తప్పు కాదు, పగ్గాలు పట్టుకుని వేలాడటం తప్పు. హెల్మెట్, నెమ్మదైన గుర్రం, తాడు పట్టే మనిషి, ఈ మూడూ లేకుండా వద్దు.

గుర్రం సంగతి కూడా అడగండి దయచేసి. మన దగ్గరున్నవి చాలావరకు రేసులు మానేసిన థరోబ్రెడ్ జాతి గుర్రాలు, సన్నటి వీపులు. మీరు ముప్పావు గంట బస్తాలా ఎగిరి పడుతుంటే నొప్పి వాటికే. చెవులు వెనక్కి పెడుతుంది, తోక విదిలిస్తుంది, వీపు కిందికి దించి అడుగు కుదిస్తుంది. ఆ మూడింట్లో ఏది కనబడినా ఆ రోజుకి రికాబులు వేసేసుకోండి.

మన బెంగళూరు రైడర్ ఫవాద్ మీర్జా 2018లో జకార్తా ఏషియన్ గేమ్స్ నుంచి రెండు వెండి పతకాలు బెంగళూరుకి తెచ్చాక, ‘మావాడు ఎప్పుడు దూకుతాడు సార్?’ అని అడిగే తండ్రులు ఎక్కువయ్యారు. తప్పు లేదు. అతని వీడియో చూసేటప్పుడు మాత్రం గుర్రాన్నీ కంచెనీ కాకుండా, ఒక్కసారి అతని మడమని మాత్రమే చూడండి. గుర్రం గాల్లో ఉన్నా అది ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది.

మన దగ్గర ఒకమ్మాయి ఉంది, మారతహళ్ళిలో ఉద్యోగం. ఇక్కడే ఉంది, పేరు చెప్పొద్దంది. కిందటేడు ఆమె మోకాళ్లు గడ్డం దాకా వచ్చేవి. వారానికి రెండు రోజులు, రోజుకి పది నిమిషాలు తాడు మీద తిప్పాను, అంతకు మించి ఒక్క నిమిషం కూడా ఇవ్వలేదు. ఏడో వారమో ఎనిమిదో వారమో, రికాబులు తిరిగి వేసుకుని కాళ్లు పెట్టింది. చిరాకుగా ‘సార్, ఎవరో నా స్టిరప్స్ పొట్టి చేసేశారు’ అంది. సాయీసుని పిలిచి అడిగాను. ఎవరూ ముట్టుకోలేదు. రెండు రంధ్రాలు కిందికి దించి ఇచ్చాను.

ఇడ్లీ వచ్చినట్టుంది. ముందు సాయీసుల్ని తిననివ్వండి, వాళ్లు నాలుగింటికి లేచారు. రాణికి జీను వేసే ఉంది, తాడు నా దగ్గరుంది. పది అడుగులు చూద్దామనుకునేవాళ్లు హెల్మెట్ పెట్టుకుని రింగు దగ్గరికి రండి.